అరవంలో చేసిన సత్యం

ఇరవై ఆరేళ్ళుగా ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు అది అక్కడే ఉందా అని గుటక వేసి చూసుకుంటాను. ఉంటుంది. అన్నం ముద్ద దాన్ని ఒరుసుకుంటూ దిగుతుంది, మంచినీళ్ళూ అంతే. డాక్టరుకు చూపిస్తే ఏమీ లేదన్నాడు. వాడి టార్చిలైటుకు కనబడేది కాదది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. తెలిస్తే నా ముఖాన ఉమ్మేస్తారు. తెలియకపోయినా ఉమ్మేస్తారేమో, కానీ ఆ ఉమ్ము నా ముఖం దాకా రాదు. ఆ ధైర్యంతోనే మొదలుపెడుతున్నాను.

మాది కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తమిళాన్ని మా ఇళ్ళల్లో అరవం అంటాం. తెలుగులో తిట్టుకుంటాం, ఏడుస్తాం, పిల్లల్ని నిద్రపుచ్చుతాం, కానీ తెలుగు అక్షరం మా వాళ్ళెవరికీ రాదు. రాత అంటే అరవమే. నాకు ఈ అక్షరాలు గుంటూరులో వచ్చాయి. పెళ్ళయ్యాక అక్కడ ఒక అగ్గిపెట్టెల గోడౌన్లో పదకొండేళ్ళు పనిచేశాను. మొదట బస్సు బోర్డులు, తర్వాత సినిమా పోస్టర్లు, ఆ తర్వాత పేపరు. అక్కడివాళ్ళు నా మాట విని, ఇది మా ముత్తాతల తెలుగు, పైన ఇంత సాంబారు పోశారు అని నవ్వేవాళ్ళు. నవ్వనీ. వాళ్ళ పుణ్యాన ఈ రాత అబ్బింది. ఈ కాగితాలు మా ఇంట్లో మంచం మీద పరిచి పెట్టినా చదవగలిగినవాడు లేడు. అందుకే ఈ అక్షరాల్లో రాస్తున్నాను. చూశారా? ఒప్పుకుంటానని కూర్చుని, మొదటి పేజీలోనే దాక్కోవడానికి చోటు చూసుకున్నాను. నా బుద్ధి అంతే.

సరే, చెప్పేస్తాను. నా బావ గురుసామికి కుడిచెయ్యి లేదు. మణికట్టు పైన తెగిపోయింది. నరికింది వేరేవాళ్ళు. నరికించింది నేను.

గురుసామి మా అమ్మకు అన్న కొడుకు. నాకంటే ఏడాది పెద్ద. వాడి చెల్లెలు కొండమ్మ. మేం ముగ్గురం ఒకే వీధిలో పెరిగాం, ఒకే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనికి కుదిరాం. నేనూ బావా పుల్లల తలలు మందులో ముంచే షెడ్డులో. మా అమ్మా కొండమ్మా పక్క షెడ్డులో పుల్లలు చట్రాల్లో పేర్చేవాళ్ళు. ఆ చట్రం ఇనప బద్దీలతో ఉంటుంది, రెండు చేతులా పట్టుకుని మొయ్యాలి.

ఆ షెడ్డుకు ఒక మేస్త్రీ ఉండేవాడు. ఒకరోజు మధ్యాహ్నం మా అమ్మ చేతిలోంచి పేర్చిన చట్రం జారి కింద పడింది. పుల్లలన్నీ చెల్లాచెదురయ్యాయి. ఆమె ఏరుకోవడానికి వంగింది. మేస్త్రీ వెనకనుంచి వచ్చి నడుం మీద తన్నాడు. ఆమె బోర్లా పడింది. నోరు బండకు కొట్టుకుంది. లేవబోతే మళ్ళీ తన్నాడు, ఈసారి డొక్కలో.

నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. ఖాళీ చట్రాలు తీసుకుపోవడానికి వచ్చాను. ఒకటి నా చేతిలోనే ఉంది. నిలబడి చూశాను. భయమా? భయం అని చెప్పుకుంటే నయం, భయం అందరికీ ఉంటుంది. కాళ్ళు కదల్లేదు అని చెప్పుకున్నాను చాలా ఏళ్ళు. కాళ్ళు కదిలాయి. ఒక అడుగు వెనక్కి వేశాను. అది నాకు బాగా గుర్తు.

అప్పుడు నా వెనకనుంచి గురుసామి వచ్చాడు. నా చేతిలోని చట్రం లాక్కున్నాడు. మేస్త్రీ తల మీద కొట్టాడు. వాడు తిరిగాడు. ముఖం మీద కొట్టాడు. వాడు పడిపోయాక కూడా ఒక దెబ్బ వేశాడు. ఇనప బద్దీ అంచు ఎడమ కంట్లో దిగింది. ఆడవాళ్ళ అరుపులకు షెడ్డు రేకులు అదిరిపోయాయి. బావ మా అమ్మను లేపి కూర్చోబెట్టి, అత్తా నీళ్ళు తాగు అని చెప్పి, వెనక గోడ దూకి పోయాడు. కొడుకును నేను. నీళ్ళు తెచ్చింది కూడా నేను కాదు, కొండమ్మ.

మేస్త్రీ కన్ను పోయింది. వాడి తమ్ముడూ వాడి మనుషులూ గురుసామి కోసం ఊరంతా గాలించారు. మా మామ ఇంట్లో కుండలు పగలగొట్టారు, మామను రోడ్డు మీద పడేసి తొక్కారు. పోలీసులు ఒకపక్క వెతుకుతున్నారు. కానీ అందరికీ తెలుసు, పోలీసులకు దొరికితే వాడి అదృష్టం.

వాడిని దాచింది నేనే. విరుదునగర్‌లో ఒక మిరపకాయల గోడౌన్ ఉండేది. అంతకుముందు ఏడాది అక్కడ మూటలు మోశాను. అన్నదమ్ముల తగాదాతో దానికి తాళం పడింది, లోపల పాత మూటలు అలాగే మిగిలాయి. వెనకవైపు ఒక రేకు ఊడి ఉంటుందని నాకు తెలుసు. ఎడమవైపు వంగి దూరితే లోపలికి పోవచ్చు. అక్కడికి తీసుకుపోయాను. ఘాటుకు ఎవడూ ఆ ఛాయలకు రాడు. బావ తన తల మీద మా ఇద్దరి చేతులూ పెట్టించుకున్నాడు, నాదీ కొండమ్మదీ. నాయనకు కూడా చెప్పొద్దన్నాడు. ముగ్గురికే తెలియాలి. కొండమ్మ రెండు రోజులకోసారి సాత్తూరు మీదుగా బస్సులో వచ్చి అన్నం ఇచ్చి పోవాలి. మధ్యలో వీలైనప్పుడు నేను.

ఆ వారం రోజులూ నేను నడిచిన నడకే వేరు. ఊరంతా వెతికే సంగతి నా కడుపులో ఉంది. టీకొట్టు దగ్గర వాళ్ళూ వీళ్ళూ ఊహించి మాట్లాడుతుంటే, వాడు తిరునెల్వేలిలో ఉన్నాడనీ, కేరళ పోయాడనీ, నేను గ్లాసు పట్టుకుని లోలోపల నవ్వుకునేవాణ్ణి. కానీ ఇంత పెద్ద సంగతి నా దగ్గర ఉందని ఎవడికీ తెలియదే. నన్ను ఎప్పటిలాగే చూస్తున్నారు, తల్లిని తన్నితే చూస్తూ నిలబడినవాడిలాగే. రహస్యం తీపి అంతా మన దగ్గర ఒకటుందని నలుగురికీ తెలియడంలోనే ఉందని, పూర్తిగా దాచుకున్న రహస్యానికి రుచే ఉండదని ఆ వారంలో తెలుసుకున్నాను. ఎవరైనా నన్ను అడిగితే బాగుండు అనిపించేది. చెప్పడానికి కాదు, చెప్పను అనడానికి. అలా అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? ఏమో, ఇప్పుడు ఏం తెలుస్తుంది.

తొమ్మిదో రోజు పొద్దున మజ్జిగా బీడీలూ పట్టుకుని పోయాను. బావ గడ్డం పెరిగి, ఘాటుకు కళ్ళు ఎర్రబడి ఉన్నాడు. కూర్చున్నాం. మనసులో మాట అడిగేశాను. ఇదంతా సద్దుమణిగాక కొండమ్మను నాకు ఇస్తావా అని. చిన్నప్పటినుంచి ఆ పిల్ల నాకేనని రెండిళ్ళల్లోనూ అనుకునేదే, నేను కొత్తగా అడిగిందేమీ లేదు. వాడు బీడీ ఆర్పేసి నా కళ్ళల్లోకి చూశాడు.

"అత్తను తన్నితే సూస్తా నిలబడినోడివి. నీకు నా సెల్లిని ఎట్టరా ఇచ్చేది?"

కోపంగా అనలేదు. అదే నన్ను కాల్చింది. కళుగుమలైలో ఒక సంబంధం చూశామని కూడా చెప్పాడు, మెల్లగా, నేను బాధపడతానని జాలిపడుతూ. వాడు అన్నదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం ఉన్నా నేను వాణ్ణి క్షమించేవాణ్ణి. నిజం చెప్పినవాణ్ణి క్షమించడం నావల్ల కాలేదు.

అక్కడినుంచి నడుచుకుంటూ బస్టాండుకు వచ్చాను. ఒళ్ళు మండిపోతోంది. విరుదునగర్‌లో పరోటాను నూనెలో వేయించి ఇస్తారు, కరకరలాడుతుంది. ఆ కొట్లో కూర్చున్నాను. ఎదురుగా ఎవడో వచ్చి కూర్చున్నాడు. తల ఎత్తితే మేస్త్రీ తమ్ముడు, గురుసామి కోసం ఊళ్ళు గాలిస్తూ అక్కడిదాకా వచ్చాడు.

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాలి. తర్వాత జరిగినదాన్ని నేను మనసులో వందసార్లు చెప్పుకున్నాను, చెప్పుకున్న ప్రతిసారీ కొంచెం మార్చాను. మొదట వాడు నా కాలరు పట్టుకున్నాడు. తర్వాత బల్ల కింద కొడవలి చూపించాడు. తర్వాత ఇద్దరు మనుషులు నా వెనక నిలబడ్డారు, ఒకడు నా వేళ్ళు వెనక్కి విరిచాడు. కొన్నేళ్ళకు ఆ వేళ్ళు నిజంగానే నొప్పి పుట్టడం మొదలైంది. అబద్ధం. అంతా అబద్ధం. ఒక్కడూ నన్ను ముట్టుకోలేదు. వాడు నాకు ఇంకో పరోటా వెయ్యమని చెప్పాడు.

వాడు అరవంలో మాట్లాడాడు, మెత్తగా. పాపం, నీకు కూడా తెలియదంట గదా అన్నాడు. సొంత మేనత్త కొడుకువి, నీక్కూడా చెప్పకుండా పోయాడంటే నిన్ను మగవాళ్ళలో లెక్క వెయ్యలేదన్నమాట అన్నాడు. అంతే. తర్వాత అడగలేదు. పరోటా తుంచుకుని తినసాగాడు.

నాకు తెలియకుండా బావ కాలు బయట పెట్టడు అన్నాను. వాడు నవ్వి, సరేలే అన్నాడు. ఆ సరేలే నా చెంప మీద కొట్టినట్టు తగిలింది. నేను చెప్పాను. వీధి పేరు చెప్పాను. వెనక రేకు సంగతి చెప్పాను. ఎడమవైపు వంగి దూరాలని కూడా చెప్పాను. ఎవడడిగాడు దాన్ని? ఎవడూ అడగలేదు. చెబుతుంటే గుండెల మీదనుంచి బరువు దిగినట్టు ఎంత హాయిగా ఉందో, ఆ హాయే నా అసలు పాపం. మిగతాదంతా దాని వెనకాల వచ్చింది.

వాడు చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి పోయాడు. నేను తినడం ముగించాను. రెండు దెబ్బలు వేస్తారు, పొగరు దిగుతుంది అనుకున్నాను. చెయ్యి కడుక్కుంటుంటే గుర్తొచ్చింది. అది కొండమ్మ అన్నం తెచ్చే రోజు. ఆ మాట ముందే గుర్తులేదా? లేదనే అనుకుంటున్నాను. ప్రమాణం చేసి చెప్పమంటే మాత్రం చెప్పలేను. నా ప్రమాణాల సంగతి ముందుంది.

పరిగెత్తాను. రేకు అప్పటికే పెరికి పక్కన పడేసి ఉంది. దూరి మూటల వెనక నక్కాను. నలుగురున్నారు. ఇద్దరు బావను మోకాళ్ళ మీద కూర్చోబెట్టి జుట్టు పట్టుకున్నారు. నోట్లోంచి అప్పటికే రక్తం కారుతోంది. అన్నం క్యారియరు గిన్నెలు విడిపోయి దొర్లుతున్నాయి, మజ్జిగన్నం నేలంతా. కొండమ్మ ఒకడి చేతిని పళ్ళతో కరిచి పట్టుకుని వదలడం లేదు. వాడు కొడవలి పిడితో ఆమె నోటి మీద కొట్టాడు. ఒకసారికి వదల్లేదు. రెండోసారికి పళ్ళు రాలాయి. జుట్టు పట్టి ఈడ్చి గోడకేసి కొట్టాడు.

అక్కడ మూటలు తూచే పాత కాటా ఒకటి ఉండేది. దాని పలక మీద బావ కుడిచెయ్యి పెట్టించారు. ఒకడు మోచేతి మీద కాలు వేసి తొక్కాడు. మేస్త్రీ తమ్ముడు, కన్నుకు చెయ్యి అన్నాడు. మొదటి దెబ్బకు తెగలేదు. ఎముక మీద ఆగింది. బావ అరిచిన అరుపు మనిషి అరుపులా లేదు. వాడు కాలు పెట్టి కొడవలి ఊడలాగి మళ్ళీ వేశాడు. తర్వాత ఒకడు గుప్పెడు మిరప్పొట్టు తీసి ఆ తెగినచోట అదిమాడు.

నేను మూటల వెనకే ఉన్నాను. వాళ్ళు తొక్కిన తొక్కుడుకు మిరప ఘాటు పైకి లేచింది. నాకు తుమ్ము వచ్చింది. తుమ్మితే దొరికిపోతాను. ముక్కు రెండు చేతులా మూసుకున్నాను. అయినా ఆగదని నా ముంజేతిని కొరికాను. నా బావ చెయ్యి తెగుతుంటే నా ధ్యాసంతా ఆ తుమ్ము మీదే ఉంది. ఇది ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా ఎక్కువసార్లు చెప్పుకోలేదు.

వాళ్ళు పోయాక, ఇంకా కొంచెం సేపు ఆగి, అప్పుడే వచ్చినట్టు రేకు దగ్గరనుంచి కేకలు వేసుకుంటూ వచ్చాను. పంచె విప్పి వాడి చేతికి చుట్టాను. ఆటో పిలిచి ఇద్దర్నీ ఎక్కించాను. తెగిన చెయ్యి కూడా సంచిలో వేసి తీసుకుపోయాను, కానీ మధురైలో డాక్టర్లు అది అతకదని పారేశారు. నేను సమయానికి రాకపోతే ప్రాణం పోయేదని అన్నారు. మామ నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. మా అమ్మ కూడా ఆ రోజే మళ్ళీ నా ముఖం చూసి మాట్లాడింది. నాకు దక్కిన మొదటి మెప్పు అది.

కన్నుకు చెయ్యి సరిపోయిందని పెద్దలు రాజీ చేసి పోలీసు కేసులు మూయించారు. కానీ చోటు తెలిసింది ముగ్గురికే. ఎవరు చెప్పారు? బావ మధురైనుంచి వచ్చిన దినమే ఆ మాట లేపాడు. మామ మమ్మల్ని ఎట్టయాపురం దగ్గర మా పెద్దల నాటి నల్లరేగడి పల్లెలో జక్కమ్మ గుడికి తీసుకుపోయాడు. ఆమె మా కులదేవత. మాలో ఒక పద్ధతి ఉంది. ఆమె ముందు రాయి మీద కర్పూరం వెలిగిస్తారు. సత్యం చెప్పేవాడు తన మాట చెప్పి, మండే కర్పూరాన్ని అరచేత్తో కొట్టి ఆర్పాలి. అబద్ధమాడి ఆర్పితే వంశం మిగలదంటారు. ఎంతటి దొంగ అయినా అక్కడ నోరు విప్పుతాడు.

నేను ఎలా ఆర్పానో చెబుతాను, వినండి. మా అవ్వ చెప్పేది, జక్కమ్మ మన పెద్దలతో ఉత్తరాన్నుంచి గంపలో కూర్చుని వచ్చిందిరా, ఇన్ని తరాలైనా ఆమెకు అరవం రాదురా అని. ఎనిమిదేళ్ళప్పుడు నేనూ కొండమ్మా ఆ పల్లెలో ఒకరి చేలో వేరుశనగ పెరికి తిన్నాం. పట్టుకుని గుడి ముందు నిలబెట్టి సత్యం చెయ్యమన్నారు. నేను అరవంలో చేశాను. ఆమెకు అర్థం కాదు గనక అది లెక్కలోకి రాదని కొండమ్మ చెవిలో చెప్పాను. ఆ పిల్ల కూడా అరవంలోనే చేసింది. బయటికొచ్చి ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

ఇరవై నాలుగేళ్ళ మగవాణ్ణి, అదే పని చేశాను. సత్తియమా నాన్ సొల్లల అన్నాను. నేను చెప్పలేదు అని, అరవంలో. ఆ రోజు సాక్షిగా పక్క ఊరినుంచి ఒక అరవ పెద్దమనిషిని పిలిచారు, ఆయనకు అర్థం కావడానికే అలా అన్నాననుకున్నారు. ఎవరూ వింతపడలేదు. కర్పూరం మీద చెయ్యి వేశాను. అరచెయ్యి కాలింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

తర్వాత కొండమ్మ. పెదవికి కుట్లు, దవడ వాచి ఉంది. మామ కొత్త కర్పూరం వెలిగించాడు. ఆమె నావైపు చూసింది. తర్వాత కర్పూరం వైపు చూసింది. చెయ్యి లేపలేదు. నోరు తెరవలేదు. చెప్పవే అని వాళ్ళమ్మ బతిమాలింది. కర్పూరం దానంతట అదే మండి అయిపోయింది. రాయి మీద నల్లటి మచ్చ మిగిలింది.

ఇంకేం కావాలి? గురుసామి అక్కడున్న త్రిశూలం పీకబోతే నలుగురు పట్టుకున్నారు. విడిపించుకుని ఎడమచేత్తో ఒక విరిగిన కర్ర అందుకుని ఆమెను కొట్టాడు. వీపు మీద, భుజం మీద, కిందపడ్డాక కాళ్ళ మీద. ఎడమచెయ్యి అలవాటు లేక దెబ్బలు ఎక్కడెక్కడో పడుతున్నాయి. కట్టు కట్టిన కుడిచేతిలోంచి మళ్ళీ రక్తం కారింది. ఆమె ఒక్కసారి కూడా అరవలేదు. నాకు చెల్లి లేదు, ఇది చచ్చింది అన్నాడు. ఫ్యాక్టరీలో ఏ స్నేహితురాలికో వాగి ఉంటుందని అందరూ తీర్మానించుకున్నారు. నేను మళ్ళీ నిలబడి చూశాను. ఈసారి అడుగు వెనక్కి కూడా వెయ్యలేదు.

కళుగుమలై సంబంధం తప్పిపోయింది. పళ్ళు లేని పిల్లను, అన్న చెయ్యి నరికించిందని పేరు పడినదాన్ని ఎవడు చేసుకుంటాడు? ఏడాది తర్వాత నేను చేసుకుంటానన్నాను. ఎంత పెద్ద మనసురా నీది అన్నారు ఊరంతా. గురుసామి కూడా నన్ను ఒక్కమాట అనలేదు, నా భుజం తట్టి, నీ తలరాత అన్నాడు. పెళ్ళికి రాలేదు. నేను కోరుకున్నదే నాకు దక్కింది. దీని కోసమే చెప్పానా? లేదు, ఆ పరోటా కొట్లో నా తలలో ఇంత లెక్క లేదు. కానీ దక్కినప్పుడు వద్దనలేదు గదా!

గుంటూరు పోయింది అందుకే, ఆ వీధిలో ఉండలేక. నాలుగో ఏట ఒకరోజు ఆమెను కొట్టాను. కారణం లేదు. చారు పోస్తూ నావైపు ఊరికే చూసింది, గుడి దగ్గర చూసినట్టు. గిన్నె విసిరేశాను, జుట్టు పట్టి గోడకేసి నెట్టాను. గోడకు తల తగిలిన చప్పుడుకు నాకు గోడౌన్ గుర్తొచ్చి చేతులు వదిలేశాను. ఆమె చీర సర్దుకుని కింద పడిన చారు తుడిచింది. ఆ తర్వాత ఎప్పుడూ చెయ్యి ఎత్తలేదు. దానికి నన్ను మెచ్చుకోవద్దు.

తిరిగి కోవిల్‌పట్టి వచ్చాం. గురుసామి ఇల్లు మూడు వీధుల అవతల. నన్ను చూస్తే బావా అని పిలుస్తాడు, చెల్లెలు ఎదురొస్తే వీధి దాటి అవతలికి పోతాడు. ఇరవై ఆరేళ్ళలో ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా ఆమెను బయట పందిరి కిందే కూర్చోనిచ్చారు.

పోయిన వారం వాడు మా ఇంటికి వచ్చాడు. గడప ఎక్కలేదు, ఎప్పటిలాగే వీధిలో నిలబడ్డాడు. కూతురు పెళ్ళి. పత్రికా తాంబూలమూ ఎడమచేత్తో ఇచ్చాడు. ఇచ్చి పోలేదు, అక్కడే నేల చూస్తూ నిలబడ్డాడు. తర్వాత అన్నాడు.

"బావా, దార పొయ్యను రెండు సేతులు కావాల. నాకు ఒకటే ఉండాది. నీ కుడిసెయ్యి నాకియ్యి."

సరే అన్నాను. మరుసటి దినం కాగితాలు కొనుక్కొచ్చి ఇది మొదలుపెట్టాను.

ఇక్కడిదాకా రాసి ఆపాను. ఇక కిందిది రెండు రోజుల తర్వాత రాస్తున్నాను.

మొన్న మధ్యాహ్నం రాసుకుంటుంటే కొండమ్మ ఎదురుగా కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మూడు రోజులుగా నన్ను గమనిస్తూనే ఉంది. ఏమి అది అని అడిగింది. ఏమీ లేదన్నాను. సదువు అన్నది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆమెకు అక్షరం రాదనే ఈ రాతలో దాక్కున్నాను. చెవులున్నాయి గదా మనిషికి! చదివితే ప్రతి మాటా మా ఇంటి మాటే.

చదివాను. మొదటి రెండు కాగితాల్లో తడబడ్డాను. తర్వాత ఆపలేకపోయాను. పరోటా కొట్టు చదివాను, ఎడమవైపు వంగడం చదివాను, తుమ్ము చదివాను. ఆమె చెయ్యి ఆగలేదు. గింజ ఒకపక్క, పండు ఒకపక్క. నేను ఆగి ఆమె ముఖం చూశాను.

"ఆ దినమే తెలుసు," అన్నది.

ఎలా తెలుసన్నాను.

"నువ్వు అరవంలో సత్తెం సేస్తివి గదా. శనగకాయల నాడు సేసినట్టే."

ముగ్గురికే తెలిసిన సంగతి, తను చెప్పలేదని తనకు తెలుసు. ఇంత సులువైన లెక్క నా బుర్రకు ఇరవై ఆరేళ్ళుగా ఎలా తట్టలేదు? నేను దాచాననుకున్నదంతా దాచింది ఆమె. నా పక్కన పడుకుని, నాకు అన్నం పెడుతూ, నేను కొట్టిన రోజు కూడా. మరి ఎందుకు చెప్పలేదు, ఎందుకు సత్యం చెయ్యకుండా వదిలేశావు అని అడిగాను. సిగ్గులేని మనసు నాది. నా మీద ప్రేమతో అంటుందేమో అని ఒక్క క్షణం ఎదురుచూశాను.

"నీకోసరం గాదు," అన్నది. "వాడికి ఇంకో సెయ్యి ఉన్నింది. దాంతో నిన్ను నరికి జెయిలుకు పోయి ఉండును."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు, అడిగే ముఖం లేదు. చింతపండు కుండలో అదిమి పెట్టి, ఉప్పు చల్లి, మూత కట్టింది. చేతులు కడుక్కుని వచ్చి, నాకు చదివి ఏం లాభం, నాకు తెలిసిందే గదా అన్నది. వాడికి చదువు అన్నది. పెళ్ళి అయిపోనీ, తర్వాత చదువుతానన్నాను. ఆ చేత్తో దార పోస్తావా అని అడిగింది. నా అరచేతిలో మచ్చవైపు చూస్తూ అడిగింది.

నరుకుతాడేమో. కొట్టి బయటికి గెంటుతాడేమో. లేక ఏమీ అనకుండా ఆ ఒంటి చేత్తో ముఖం కప్పుకుంటాడేమో, అదే అన్నిటికంటే భయంగా ఉంది. వాడు నన్ను ఏం చేసినా, ఆ తర్వాత తలుపు తీసి చెల్లెలివైపు చూస్తే చాలు. పళ్ళు తోముకుంటూ ఇవాళ గుటక వేసి చూసుకున్నాను. గొంతులో ఏమీ లేదు. నాకు మంచి జరిగిందని కాదు, అది బయటికి వచ్చేసింది, అంతే.

కాగితాలు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఆమె కూడా వస్తానన్నది. వీధిలో నిలబడతానన్నది, వాడు మా ఇంటికి వచ్చి నిలబడినట్టే. చెప్పులు వేసుకుంటుంటే వెనకనుంచి పిలిచింది.

"బావా, వాడికి అరవంలో సెప్పొద్దు."